పెంపుడు కుక్క, పిల్లి ఉన్న ఇంట్లో వాసన: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది హైదరాబాద్‌లో మూడో అంతస్తులో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్. ఒక నాటు కుక్క, రెండు పిల్లులు మాతోనే ఉంటాయి. కొత్తగా కుక్కపిల్లనో పిల్లిపిల్లనో తెచ్చుకున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది తిండి గురించి కాదు, వాసన గురించే. కొందరైతే ఈ ఒక్క కారణానికే దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామా అనేదాకా వెళ్తారు. అంత అవసరం లేదు. వాళ్లు అడిగినవీ, ఇన్నేళ్లలో నాకు తెలిసినవీ ఇక్కడ రాస్తున్నాను.

ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే వాసన రావడం మామూలే కదా?

కాదు. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటికి ముక్కు ఆనిస్తే కొద్దిగా వాసన తెలుస్తుంది, అంతే. పిల్లికి అదీ ఉండదు. అది తీరిక దొరికితే చాలు, ఒళ్లు నాక్కుంటూ కూర్చుంటుంది. గుమ్మం దాటగానే గుప్పుమని కొడుతోందంటే ఇంట్లో ఎక్కడో ఉచ్చ ఇంకిపోయి ఉండాలి, తడి ఆరని గుడ్డ ఏదో ఉండాలి, లేదా ఆ జంతువుకే ఒంట్లో బాగుండకపోయి ఉండాలి. ఇందులో ఏదో తేల్చుకోకుండా పైన ఎన్ని సెంట్లు కొట్టినా రెండు గంటల్లో మళ్లీ మొదటికే వస్తుంది.

ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడం ఎలా?

మన తెలుగులో వాసనలకు మంచి పేర్లున్నాయి. అది ఎలాంటి వాసనో ఒక్కమాటలో చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే.

కళ్లు చుర్రుమనేంత ఘాటుగా ఉంటే అది ఉచ్చ. మూత్రంలో యూరియా ఉంటుంది, దాన్ని బాక్టీరియా అమ్మోనియాగా మారుస్తుంది. అందుకే పొద్దున పోసినప్పుడు పెద్దగా తెలియదు, సాయంత్రానికి గదంతా నిండిపోతుంది. పిల్లి మూత్రంలో ఫెలినైన్ అనే పదార్థం కూడా ఉంటుంది. అది విడిపోయే కొద్దీ గంధకంతో కూడిన వాసన పుడుతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని మగపిల్లిలో ఇది మరీ ఎక్కువ.

చేపల బుట్ట దగ్గర వచ్చే నీచు వాసన కుక్క వెనక వైపు నుంచి వస్తోందా? మలద్వారానికి అటూ ఇటూ రెండు చిన్న గ్రంథులుంటాయి. అవి నిండిపోతే ఇలా వస్తుంది. కుక్క కూర్చుని వెనక భాగాన్ని నేలకేసి ఈడ్చుకుంటూ ముందుకు జరుగుతుంటే ఇక అనుమానం అక్కర్లేదు. డాక్టరు రెండు నిమిషాల్లో పిండి తీసేస్తారు. వీడియోలు చూసి ఇంట్లో ప్రయత్నించకండి, చీము పట్టి ఉంటే దానికి ప్రాణం పోయినంత నొప్పి.

పులిసిన పిండి వాసన చెవుల్లోంచో కాలివేళ్ల సందుల్లోంచో వస్తుంది. అది ఈస్ట్ అనే బూజు లాంటి సూక్ష్మజీవి పని. లాబ్రడార్, కాకర్ స్పానియల్ లాంటి వేలాడే చెవుల కుక్కలకు వానాకాలంలో ఈ బాధ ఎక్కువ. చెవి ఎత్తి చూస్తే లోపల గోధుమరంగు జిడ్డు కనిపిస్తుంది. దానికి చెవిలో వేసే మందు కావాలి. స్నానంతో పోదు, పైగా చెవిలో నీళ్లు పడితే ఇంకా పెరుగుతుంది.

ముక్కిపోయిన వాసన అయితే అది పడుకునే బొంత దగ్గరో, సోఫా కుషన్ కిందో వెతకండి. కుళ్లు వాసన అయితే నోరు చూడండి, నోరు బాగానే ఉంటే బొచ్చు కింద వేళ్లు పెట్టి ఒళ్లంతా తడమండి. పైకి కనపడని చిన్న పుండులో పురుగులు పడటం మన దగ్గర మామూలే. అది ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన సంగతి.

ఉచ్చ వాసన తెలుస్తోంది కానీ చోటు దొరకట్లేదంటే నీలం వెలుగు వచ్చే చిన్న యూవీ టార్చి ఒకటి కొనుక్కోండి. రాత్రి లైట్లన్నీ ఆర్పి, నేలకు అడుగెత్తులో పట్టుకుని గోడల వెంట తిప్పితే ఎండిపోయిన మూత్రం మరకలు పాలిపోయిన పసుపు రంగులో మెరుస్తాయి. మా ఇంట్లో మొదటిసారి తిప్పినప్పుడు ఫ్రిజ్ పక్కన, షూ స్టాండ్ కాళ్ల దగ్గర, కర్టెన్ అంచున మరకలు బయటపడ్డాయి. కర్టెన్ సంగతి మాకెవరికీ తట్టనే లేదు.

నాకైతే ఏమీ తెలియట్లేదు, ఇంటికొచ్చినవాళ్లే ముక్కు మూసుకుంటున్నారు. ఎందుకలా?

ఒకే వాసనలో అరగంట ఉంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. నిజం తెలియాలంటే తలుపులు, కిటికీలు వేసి రెండు మూడు గంటలు బయటికి వెళ్లి రండి. తాళం తీసి లోపలికి అడుగుపెట్టిన మొదటి రెండు శ్వాసల్లో ఏం తెలిస్తే అదే మీ ఇంటి వాసన. మొహమాటపడని మనిషి ఎవరైనా ఉంటే వాళ్లని అడగడం ఇంకా నయం. నేను మా పిన్నిని అడుగుతాను.

రోజూ ఫినాయిల్‌తో తుడుస్తున్నాం. అది చాలదా?

ఇంట్లో పిల్లి ఉంటే ఫినాయిల్ మానేయండి. ఈ పేజీలో ఇంకేం గుర్తుండకపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి.

మా పెద్దపిల్లి వచ్చిన కొత్తలో అమ్మ మా దగ్గర ఉంది. శుభ్రం విషయంలో అమ్మది గట్టి చెయ్యి. నల్ల ఫినాయిల్ బకెట్‌లో మూత నిండా కాదు, ధారగా పోసేది. నాలుగో రోజుకి పిల్లి తిండి మానేసింది, నోట్లోంచి చొంగ కారుతోంది, నాలుక అంచు ఎర్రగా పుండులా ఉంది. ఏదో తినకూడనిది తినిందనుకుని ఆస్పత్రికి పరిగెత్తాం. డాక్టరు గారు పిల్లి పాదం తిప్పి వాసన చూసి, "ఇంట్లో నేల దేంతో తుడుస్తారమ్మా?" అని అడిగారు. మొదటి ప్రశ్నే అది. పిల్లి తడినేల మీద నడుస్తుంది, తర్వాత కూర్చుని పాదాలు నాక్కుంటుంది. నేల మీద వేసిందంతా దాని కడుపులోకే. అదృష్టవశాత్తు వారంలో కోలుకుంది. అమ్మ మాత్రం ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుని బాధపడుతుంది. పాపం, తెలిసి చేసింది కాదు.

కారణం ఇది. నల్ల ఫినాయిల్‌లో ఉండే ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. ఒక్క పారాసిటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయడానికీ మూలం అదే. తెల్ల ఫినాయిల్‌లో ఎక్కువగా ఉండేది పైన్ ఆయిల్, అదీ పిల్లికి మంచిది కాదు. కుక్కలు కొంత తట్టుకుంటాయి కానీ తడినేల నాకితే వాటికీ వాంతులవుతాయి.

బ్లీచింగ్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఉచ్చ మీద బ్లీచ్ పోస్తే అందులోని అమ్మోనియాతో కలిసి క్లోరమైన్ అనే విషవాయువు వస్తుంది. తలుపులు మూసిన బాత్రూంలో అది మనుషులకే ప్రమాదం. అమ్మోనియా ఉన్న క్లీనర్లు కూడా వద్దు. జంతువు ముక్కుకి అది ఉచ్చ వాసనలాగే ఉంటుంది, మళ్లీ అక్కడికే వచ్చి పోస్తుంది.

మరి ఉచ్చని దేంతో తుడవాలి?

తడిగా ఉన్నప్పుడే దొరికితే అదృష్టం. పాత న్యూస్‌పేపరో, పీల్చుకునే గుడ్డో వేసి నొక్కండి, రుద్దకండి. రుద్దితే పక్కకి పాకుతుంది, టైల్స్ మధ్య గీతల్లోకి దిగుతుంది. తర్వాత చల్లటి నీళ్లతో కడిగి మళ్లీ ఒత్తండి. వేడినీళ్లు, స్టీమ్ క్లీనర్ వాడితే గుడ్డల్లో మరక పట్టేసుకుంటుంది. చేతికి గ్లవ్స్ వేసుకోండి, ముఖ్యంగా వానాకాలంలో. జబ్బున్న కుక్క మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ అనే బాక్టీరియా జబ్బు మనకీ రావచ్చు.

ఆ తర్వాత వాడాల్సింది ఎంజైమ్ క్లీనర్. పెట్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మామూలు క్లీనర్‌కన్నా ఖరీదే, కానీ ఒక సీసా చాలాకాలం వస్తుంది. చాలామంది దీన్ని చల్లి వెంటనే తుడిచేసి, పని చేయలేదంటారు. ఎంజైమ్‌లు మూత్రంలోని పదార్థాలను ముక్కలు చేయడానికి టైమ్ కావాలి. మరక ఎంత లోతుకి దిగిందో అంత లోతుకి తడవాలి, కనీసం పది పదిహేను నిమిషాలు తడిగానే ఉండాలి. పాత మరక అయితే పైన తడిగుడ్డ కప్పి రాత్రంతా వదిలేయండి. అంతకుముందే ఫినాయిల్ వేసి ఉంటే నీళ్లతో బాగా కడిగాకే ఇది వేయాలి, లేకపోతే ఎంజైమ్ చచ్చిపోతుంది.

చేతిలో క్లీనర్ లేనప్పుడు వైట్ వెనిగర్, నీళ్లు సమంగా కలిపి వాడొచ్చు. వెనిగర్‌లోని ఆమ్లం అమ్మోనియాని చంపుతుంది. అది ఆరిపోయాక వంటసోడా చల్లి, నాలుగైదు గంటలాగి ఊడ్చేయండి. రెండూ ఒకేసారి కలపమని చాలా వీడియోల్లో చూపిస్తారు, బుడగలు బుసబుసా వస్తుంటే పనిచేస్తున్నట్టే ఉంటుంది. నిజానికి ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి కొట్టేసుకుని, ఉప్పునీళ్ల లాంటి ద్రవం మిగులుతుంది. దేనికది విడిగా వాడితేనే ఫలితం.

మాది తాండూరు బండల నేల. వెనిగర్ వాడొచ్చా?

వద్దు. తాండూరు, షాబాద్, బేతంచెర్ల, కడప బండలన్నీ సున్నపురాయి జాతివే, పాలరాయి కూడా అంతే. వెనిగర్, నిమ్మకాయ, బాత్రూం యాసిడ్ ఏది పడినా ఆ రాయిని తింటుంది. మెరుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది. ఆ మచ్చ దగ్గర రాయి గరుకుగా మారి, తర్వాత పోసిన ఉచ్చని ఇంకా బాగా పీల్చుకుంటుంది. ఇలాంటి నేలకి ఎంజైమ్ క్లీనర్, లేదా గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసిన నీళ్లు చాలు. బండలకీ బండలకీ మధ్య సందులు పగిలి ఉంటే ముందు అవి పూడ్పించండి. పైన ఎంత కడిగినా కింద మట్టిలోకి దిగిన ఉచ్చ వాసన వానాకాలంలో పైకి వస్తూనే ఉంటుంది. టైల్స్ నేల అయితే సందుల్లో మామూలు తెల్లసిమెంట్ బదులు ఎపాక్సీ (గట్టిపడే రెసిన్ పూత) వేయిస్తే నీళ్లు దిగవు.

పరుపు మీద పోసింది. పారేయాల్సిందేనా?

స్ప్రింగ్, ఫోమ్ పరుపు అయితే వెంటనే ఒత్తి, ఎంజైమ్ క్లీనర్ బాగా తడిసేలా వేసి, మర్నాడు ఫ్యాన్ కింద నిలబెట్టి ఆరబెడితే చాలావరకు పోతుంది. బూరుగు దూది పరుపు అయితే పైన ఎంత తుడిచినా లాభం లేదు. విప్పి, తడిసిన దూది తీసేసి, మిగతాది ఎండబెట్టి మళ్లీ కుట్టించుకోవాలి. ఎండ మంచిదే, కానీ కడిగిన తర్వాత. కడగకుండా ఎండలో వేస్తే పైన ఆరిపోయి, చెమ్మ తగలగానే మళ్లీ వాసన లేస్తుంది.

అసలు లిట్టర్ ట్రేలో (పిల్లి కోసం మట్టి పోసి ఉంచే పళ్లెంలో) పోసే పిల్లి ఉన్నట్టుండి పరుపు మీద పోస్తోందంటే కోపం తెచ్చుకోకండి. మా చిన్నపిల్లి వరసగా మూడురోజులు దుప్పటి మీద పోస్తే మేం పొగరనుకున్నాం. తీరా చూస్తే మూత్రాశయం వాచి ఉంది. ట్రేలో నొప్పి పుడుతోంది కాబట్టి మెత్తటి చోటు వెతుక్కుంది. మగపిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతున్నా చుక్క రాకపోతే మాత్రం అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్లండి. మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది.

పిల్లి లిట్టర్ ట్రే వాసన ఎంత చేసినా పోవట్లేదు.

రోజుకి రెండుసార్లు ఉండలు తీసేస్తున్నారా? తీస్తుంటే మిగిలినవి చిన్న విషయాలు. గడ్డకట్టే బెంటోనైట్ మట్టి అయితే రెండు మూడు అంగుళాల మందాన పోయండి. తక్కువ పోస్తే ఉచ్చ అడుక్కి దిగి ప్లాస్టిక్‌కి అంటుకుంటుంది. రెండు మూడు వారాలకోసారి మొత్తం పారేసి ట్రేని సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. గోళ్ల గీతలు పడిన ప్లాస్టిక్‌లో వాసన దాక్కుంటుంది, అందుకే ఏడాదికోసారి ట్రే మార్చాలి. స్టీల్ ట్రే దొరికితే ఆ బెడద ఉండదు.

ఎన్ని పిల్లులుంటే అంతకంటే ఒక ట్రే ఎక్కువ ఉండాలంటారు. చిన్న ఫ్లాట్‌లో మూడు ట్రేలంటే కష్టమే, మేమూ రెండుతోనే నెట్టుకొస్తున్నాం, కాకపోతే తీయడం ఆపం. సువాసన కలిపిన లిట్టర్ మాత్రం కొనకండి. మనకి మల్లెపూల వాసన, దాని ముక్కుకి భరించలేని ఘాటు. ట్రే మానేసి సోఫా వెనక్కి వెళ్తుంది.

ఇంట్లో గర్భిణి ఉంటే ట్రే పని ఇంకొకరు చేయాలి. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా (కడుపులో బిడ్డకు హాని చేయగల పరాన్నజీవి) ఉంటే అది అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. రోజూ తీసేయడం వాసనకే కాదు, దీనికీ మంచిది.

మగపిల్లి తోక నిలబెట్టి గోడల మీద చిమ్ముతోంది.

అది హద్దులు గుర్తుపెట్టుకోవడం. ఆపరేషన్ చేయిస్తే చాలా పిల్లుల్లో ఆగిపోతుంది, వాసన ఘాటు కూడా తగ్గుతుంది. అలవాటు పడకముందే, ఐదారు నెలల వయసులో చేయించడం మేలు.

కుక్కకి వారానికి రెండుసార్లు స్నానం చేయిస్తున్నాం, అయినా వాసన.

బహుశా స్నానం వల్లే. చర్మం మీద ఉండే సహజమైన నూనె పోయి, పొడిబారి, దురద పుట్టి, గీరుకున్నచోట ఇన్‌ఫెక్షన్ వస్తుంది. చర్మం బాగున్న కుక్కకి మూడు నాలుగు వారాలకోసారి చాలు. మనం వాడే షాంపూ, డెట్టాల్ లాంటివి వద్దు. మన షాంపూల్లో మన చర్మానికి సరిపోయే ఆమ్లగుణం కుక్క చర్మానికి ఎక్కువ. రోజూ పది నిమిషాలు దువ్వడం స్నానంకన్నా ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే వాసన పట్టుకునేది రాలిన బొచ్చూ చుండ్రే.

స్నానం ఎంత ముఖ్యమో ఆరబెట్టడం అంతకన్నా ముఖ్యం. జూలై, ఆగస్టుల్లో బయట తడిసి వచ్చిన కుక్కని అలాగే వదిలేస్తే లోపలి బొచ్చు సాయంత్రానికీ ఆరదు. మేం గుమ్మం దగ్గరే పాత తువ్వాలు ఒకటి కొక్కేనికి వేసి ఉంచాం. నాలుగు పాదాలు, వేళ్ల సందులు, పొట్ట, చంకలు, ఈ వరసలో తుడిచాకే లోపలికి. అది పడుకునే బొంత వారానికోసారి ఉతకండి. రెండు బొంతలుంటే ఒకటి ఆరేలోపు ఇంకోటి. ఏసీ ఫిల్టర్ మర్చిపోకండి, బొచ్చంతా అక్కడే పేరుకుని, స్విచ్ వేయగానే గదంతా పంచుతుంది.

నోరు కంపు కొడుతోంది. పుదీనా బిస్కెట్లు పెట్టొచ్చా?

బిస్కెట్లు కాదు, పెదవి ఎత్తి వెనక పళ్లు చూడండి. గార కట్టి, చిగురు ఎర్రగా ఉంటే పళ్లు క్లీన్ చేయించాలి. ఇంట్లో కుక్కల టూత్‌పేస్ట్‌తో తోమడం చిన్నప్పటి నుంచే అలవాటు చేయండి. మన పేస్ట్ వద్దు, వాటిలో కొన్నింట్లో తీపి కోసం వేసే జైలిటాల్ కుక్కకి విషం. పళ్లు బాగున్నా నోట్లో ఉచ్చలాంటి వాసన వస్తే మూత్రపిండాలు, పండిన పండులాంటి తీపి వాసన వస్తే షుగర్ పరీక్ష చేయించండి.

కుక్క గ్యాస్ వదిలితే గదిలో కూర్చోలేకపోతున్నాం.

పాలు ఆపి చూడండి. పెద్ద కుక్కల్లో చాలావాటికి పాలు అరగవు. మిగిలిపోయిన సాంబారన్నం పెట్టే అలవాటుంటే అదీ ఆపాలి, అందులోని ఉల్లిపాయ వాటి రక్తానికే చెరుపు. తిండి మార్చేటప్పుడు వారం పదిరోజుల్లో కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చండి.

అగరుబత్తి, సాంబ్రాణి, కర్పూరం, నాఫ్తలిన్ ఉండలు?

పూజ మానేయమని ఎవరూ అనరు. దేవుడి గదిలో అగరుబత్తి వెలిగించినంతసేపు కిటికీ తెరిచి, జంతువు ఇంకో గదిలో ఉంటే చాలు. సాంబ్రాణి పొగ ఇల్లంతా వేసి తలుపులు మూయడం మాత్రం ఉబ్బసం ఉన్న పిల్లికీ, పంజరంలో పక్షులకీ చాలా కష్టం. కర్పూరం, నాఫ్తలిన్ ఉండలు నోటికి అందకూడదు, రెండూ విషమే. నాఫ్తలిన్ అయితే బీరువాలో కూడా వద్దు. టీ ట్రీ, యూకలిప్టస్, లవంగ నూనెలు చిమ్మే డిఫ్యూజర్లు పిల్లి ఉన్న ఇంటికి పనికిరావు.

బాల్కనీలో కుక్కకి అలవాటు చేశాం. కింది ఫ్లాట్ వాళ్లు గొడవ చేస్తున్నారు.

వాళ్ల వైపు న్యాయం ఉందేమో ముందు కిందికి దిగి నిలబడి చూడండి. బాల్కనీ నీళ్లు కిందివాళ్ల బట్టల మీద పడుతుంటే ఎవరూ ఊరుకోరు. జంతువులు వద్దని సంఘం తీర్మానం చేసినా చెల్లదని భారత జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు చెబుతాయి, కానీ ఆ కాగితం చూపించి కిందింటి వాళ్లతో రోజూ బతకలేం. ప్లాస్టిక్ గడ్డి వేసి ఉంటే దాని కిందే అసలు కంపు. వారానికి రెండుసార్లు ఎత్తి రెండువైపులా కడిగి ఎండలో వేయండి. బకెట్ నీళ్లు డ్రైన్‌లోకే వెళ్లేలా పోయండి. చాలాసార్లు వాసన కుక్కది కూడా కాదు. డ్రైన్ ట్రాప్‌లో (వాసన పైకి రాకుండా నీళ్లు నిలిచి ఉండే వంపులో) నీళ్లు ఎండిపోతే మురుగు గొట్టం వాసన నేరుగా పైకి వస్తుంది. రోజూ ఒక మగ్గు నీళ్లు పోస్తే చాలు.

చేపల తొట్టి, పక్షుల పంజరం?

తొట్టి వాసన వస్తోందంటే మేత ఎక్కువ వేస్తున్నట్టే. రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయండి, వారానికి పావువంతు నీళ్లు మార్చండి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి నీళ్లలో కడిగితే క్లోరిన్ వల్ల మంచి బాక్టీరియా చస్తుంది, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. పంజరం అడుగున కాగితం పరిచి రోజూ మార్చండి. ఇది లవ్ బర్డ్స్ గురించి చెబుతున్నాను. మన రామచిలుకని పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

అద్దె ఇల్లు ఖాళీ చేస్తున్నాం. వాసన పేరు చెప్పి అడ్వాన్స్ పట్టుకుంటారేమోనని టెన్షన్.

ఖాళీ చేయడానికి రెండు వారాల ముందే మొదలుపెట్టండి. సామాను తీసిన రాత్రి యూవీ టార్చితో గోడల అడుగుభాగం, తలుపు చట్రాల మూలలు చూసి, మరకలున్న చోట్ల పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. ఎంజైమ్ క్లీనర్ వేసి, ఆరనిచ్చి, మూడోరోజు మళ్లీ వేయండి. గోడ ప్లాస్టర్ పీల్చుకుని ఉంటే పైన సున్నమో డిస్టెంపరో వేసి ప్రయోజనం లేదు, తడి తగలగానే వాసన మళ్లీ బయటపడుతుంది. పూర్తిగా ఆరాక ఆ మేరకు ఆయిల్ ప్రైమర్ ఒక కోటు వేయించి, దాని మీద రంగు వేయించండి. ఇంటాయన చూడ్డానికి వచ్చే ముందురోజు కిటికీలన్నీ మూసి ఉంచి, పొద్దున్నే మీరే ఒకసారి తాళం తీసి లోపలికి వెళ్లి చూడండి. అప్పుడు ఏ మూల ఘాటు తగిలినా ఇంకో పూట టైమ్ ఉంటుంది.